"చూసుకుంటే చాలు" అన్న మాట వెనుక: ఇంటి కేర్‌టేకర్ పనిని విడదీసి చూస్తే

మా నాన్నగారిని ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చుకున్న సాయంత్రం అది. పక్షవాతంతో కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి. మాట తడబడుతోంది. ముక్కులో ఆహారం పోసే గొట్టం ఉంది. మా తిరుపతి ఇంటికి పాకాల వైపు పల్లె నుంచి కేర్‌టేకర్‌గా వచ్చిన ఆవిడ చేతిసంచిని గుమ్మం పక్కన పెట్టి, "ఏం చేయాలమ్మా?" అని అడిగారు. "నాన్నను చూసుకుంటే చాలు" అన్నాను. ఆవిడ తల ఊపారు. ఒప్పందం కుదిరిందని ఇద్దరం అనుకున్నాం. మూడో రోజు అంట్ల దగ్గర, ఐదో రోజు రాత్రి నిద్ర దగ్గర, నెలాఖరున సెలవు దగ్గర తెలిసివచ్చింది, ఒకే మాటకు మేమిద్దరం వేరువేరు అర్థాలు చెప్పుకున్నామని. పని ఏమిటో చెప్పాల్సింది పని ఇచ్చేవాళ్లే కనుక ఆ తప్పు నాదే.

"చూసుకోవడం" తెలుగులో చాలా వెడల్పైన మాట. పిల్లలను చూసుకుంటాం, పొలం చూసుకుంటాం, ఊరెళ్తూ ఇల్లు చూసుకోమని పక్కింటివాళ్లకు చెప్తాం, పెళ్లిలో వంటల సంగతి నువ్వు చూసుకో అంటాం. చుట్టాల మధ్య ఈ వెడల్పు మంచిదే, ఎవరూ కొలత వేసుకోరు. జీతం ఇచ్చి పెట్టుకున్న మనిషి దగ్గరకు వచ్చేసరికి ఆ వెడల్పే చిక్కు తెస్తుంది. నేను చూసినంతలో కేర్‌టేకర్‌కూ కుటుంబానికీ మధ్య వచ్చే గొడవల్లో చాలావరకు మనుషుల మంచిచెడ్డల వల్ల వచ్చినవి కావు. ఆ మాటను విడదీసి చెప్పుకోకపోవడం వల్ల వచ్చినవి.

తిరుపతిలో ఇప్పుడు కేర్‌టేకర్ అన్న ఒక్క పేరు కింద మూడు ఉద్యోగాలు నడుస్తున్నాయి. మంచం పట్టిన పెద్దవారికి స్నానం, తిండి, మందులు, మలమూత్రాలు చూడటం ఒకటి. ఒంటరిగా ఉంటున్న దంపతుల ఇంట్లో వంట, బట్టలు, అంట్లు చూస్తూ వారికి తోడుగా ఉండటం ఇంకొకటి. యజమానులు అమెరికాలోనో బెంగళూరులోనో ఉండగా తాళం వేసిన ఇంటికి కాపలా ఉండి, మొక్కలకు నీళ్లు పోసి, మోటారు వేసి, ఇంటి పన్ను రసీదు ఫోటో తీసి పంపడం మూడోది. మొదటిదానికి శరీరం తెలియాలి. రెండోదానికి వంటిల్లు తెలియాలి. మూడోదానికి నమ్మకం, స్థిరత్వం కావాలి. వీటిలో ఏ రెండు కలిసినా అది రెండు ఉద్యోగాల బరువు, జీతం మాత్రం ఒక్కటే ఉంటుంది.

ఈ ఊళ్లో ఈ పనికి ఇంత గిరాకీ ఎందుకో ఇక్కడివాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. ఉద్యోగ విరమణ తర్వాత కొండ కనిపించే చోట ఉండాలని ఎక్కడెక్కడివాళ్లో వచ్చి ఇల్లు కట్టుకుంటారు. దేవస్థానంలో, విశ్వవిద్యాలయాల్లో, బడుల్లో పనిచేసి పింఛను తీసుకుంటున్నవాళ్లు వీధికి నలుగురైదుగురు ఉంటారు. వాళ్ల పిల్లలు చదువుకుని వెళ్లిపోయారు. పైగా స్విమ్స్, రుయా పెద్దాస్పత్రులు, ఎముకల చికిత్సకు బర్డ్ ఇక్కడే ఉన్నాయి. చిత్తూరు నుంచైతే వేలూరు సీఎంసీ ఆస్పత్రి గంట దూరం. ఆస్పత్రి ప్రాణం నిలబెట్టి ఇంటికి పంపుతుంది. ఆ తర్వాత గొట్టం, మూత్రం సంచి, పుండుకు కట్టు ఉన్న మనిషిని ఇంట్లో నెలల తరబడి ఎవరు చూడాలన్నది డిశ్చార్జి కాగితంలో రాసి ఉండదు.

ఈ పనికి వచ్చేవారిలో ఎక్కువమంది చుట్టుపక్కల మెట్ట మండలాల స్త్రీలే. వేరుశనగ పంట వానమీద ఆధారపడి దెబ్బతిన్న ఇళ్లవాళ్లు, భర్త పోయినవాళ్లు, కూతురి నర్సింగు చదువుకు ఫీజు కట్టాల్సినవాళ్లు. తోతాపురి మామిడి కోతకొచ్చే జూన్, జూలై నెలల్లో చిత్తూరు చుట్టూ గుజ్జు ఫ్యాక్టరీల్లో పని దొరుకుతుంది. అప్పుడు కొందరు ఇంటి పని వదిలి అటు వెళ్తారు. "నమ్మకం లేని మనుషులు" అని వాళ్లను విసుక్కునేవాళ్లు ఒక సంగతి ఆలోచించాలి. ఫ్యాక్టరీలో షిఫ్టు అయిపోగానే ఇంటికి పోవచ్చు. మన ఇంట్లో షిఫ్టు ఎప్పుడు అయిపోతుందో మనం చెప్పామా?

ఇక మొదటి రకం పని లోపలికి వెళ్దాం. బయటివారికి ఏమాత్రం కనిపించనిది అదే.

ఆవిడ వచ్చిన మొదటి రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పదకొండు గంటలకు ఆవిడ బటన్ ఫోనులో అలారం మోగింది. లైటు వేయకుండా లేచి, నాన్న నడుము కింద అడ్డంగా పరిచి ఉంచిన మడత దుప్పటి అంచును రెండు చేతులతో పట్టుకుని మెల్లగా తన వైపు లాగి, ఎడమ పక్కకు ఒత్తిగిలించారు. వీపు వెనుక ఒక దిండు, మోకాళ్ల మధ్య ఒకటి పెట్టారు. మడమలు పరుపుకు తగలకుండా పిక్కల కింద తువ్వాలు చుట్టి పెట్టారు. మళ్లీ ఒంటిగంటకు అలారం, మళ్లీ మూడు గంటలకు. కదలలేని మనిషి ఒకే వైపు పడుకుంటే ఎముక పొడుచుకువచ్చే చోట్ల, అంటే నడుము కింది భాగంలో, తుంటి మీద, మడమల మీద, చర్మానికి రక్తం అందక పుండు పడుతుంది. అందుకే రెండు గంటలకోసారి తిప్పాలంటారు. ఎర్రబడిన చోట వేలితో నొక్కితే ఆ ఎరుపు ఒక్క క్షణం తెల్లబడాలి. తెల్లబడకపోతే లోపల దెబ్బ మొదలైనట్టే. ఈ పరీక్ష నాకు నేర్పింది ఆవిడే. ఎముక దాకా పోయిన పడక పుండు మాన్పడానికి ఎన్ని నెలలు, ఎంత డబ్బు పడుతుందో చూసినవాళ్లకు ఆ మూడు అలారాల విలువ తెలుస్తుంది.

పగటి పనిలోనూ ఇలాంటి చిన్న చిన్న నేర్పులు చాలా ఉన్నాయి. పక్షవాతం వచ్చిన మనిషికి చొక్కా తొడిగేటప్పుడు పడిపోయిన చేతిని ముందు దూర్చాలి, విప్పేటప్పుడు దాన్ని చివర్న తీయాలి. లేపి కూర్చోబెట్టేటప్పుడు ఆ చేతిని పట్టుకుని లాగకూడదు, బిగువు లేని భుజం కీలు జారిపోతుంది. నేను మొదటి వారం లాగుతూనే ఉన్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపి, "అయ్యవారిని అట్లా లేపకండమ్మా, వీపు వెనక చెయ్యి వేయండి" అన్నారు. నాన్న బడిపంతులు. ఆయన వాళ్ల ఊరి బడిలో ఎన్నడూ చెప్పకపోయినా మొదటిరోజు నుంచీ ఆవిడ ఆయనను అయ్యవారనే పిలిచారు.

గొట్టంతో ఆహారం ఇవ్వడంలో ప్రాణాపాయం ఉంది. పోసే ముందు తల వైపు ఎత్తి కూర్చోబెట్టాలి. ముక్కు దగ్గర గొట్టం మీద వేసిన గుర్తు కదలలేదని చూసుకోవాలి. వడకట్టిన జావను సిరంజిని పైకి పట్టుకుని దానంతట అది దిగేలా నెమ్మదిగా వదలాలి, తోయకూడదు. తర్వాత నీళ్లు పోసి గొట్టం శుభ్రం చేయాలి. పోశాక కనీసం అరగంట పడుకోబెట్టకూడదు. దగ్గు వచ్చినా, ముఖం రంగు మారినా ఆపేయాలి. ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. మూత్రం సంచి ఎప్పుడూ పొత్తికడుపు కన్నా దిగువన వేలాడాలి, నేలకు తగలకూడదు. మంచం మీద నుంచి కుర్చీలోకి మార్చేటప్పుడు సంచిని ఒడిలో పెట్టేవాళ్లను నేను చూశాను. అప్పుడు మూత్రం వెనక్కి పోయి ఇన్ఫెక్షన్ వస్తుంది.

ఇక్కడ ఒక గీత గీయాలి. గొట్టంలో ఆహారం పోయడం నేర్పిస్తే కేర్‌టేకర్ చేయగల పని. ఆ గొట్టం ఊడిపోతే తిరిగి వేయడం నర్సు పని. మూత్రం సంచి ఖాళీ చేసి ఎంత వచ్చిందో రాయడం కేర్‌టేకర్ పని, ట్యూబు మార్చడం నర్సు పని. మాత్రలు వేళకు అందించవచ్చు. మోతాదు తగ్గించాలా పెంచాలా అన్నది ఆమెను అడగకూడదు. సూది మందులు, సెలైన్, లోతైన పుండ్లకు కట్టు, ఇవేవీ ఆమె నెత్తిన పెట్టకూడదు. నర్సు చదువుల్లో ఏఎన్ఎం రెండేళ్లు, జీఎన్ఎం మూడేళ్లు, బీఎస్సీ నర్సింగు నాలుగేళ్లు చదువుతారు. వాళ్లకు నర్సింగు కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉంటుంది. జనరల్ డ్యూటీ అసిస్టెంట్, హోమ్ హెల్త్ ఎయిడ్ అనే కొన్ని నెలల కోర్సులు వేరు. వాటిలో చేరేవాళ్లు నర్సులు కారు, వాళ్లు నేర్చుకునేది శుభ్రత, ఆహారం, కదిలించడం, గమనించి చెప్పడం. మా ఇంటికి వచ్చినావిడకు ఏ కోర్సూ లేదు. అత్తగారిని నాలుగేళ్లు చూసిన అనుభవమే ఆవిడ చదువు.

తెల్లకోటు తొడిగిన మనిషిని పంపి "సిస్టర్ వస్తుంది" అని చెప్పే ఏజెన్సీలు ఉన్నాయి. రిజిస్ట్రేషన్ కాగితం అడిగితే మాట మారుతుంది. దీనివల్ల నష్టం రోగికి మొదట, ఆ అమ్మాయికి తర్వాత. చేతకాని పని చేయించి, ఏమైనా అయితే ఆమెనే నిందిస్తారు. చక్కెర పడిపోయి చెమటలు పట్టి తికమకగా మాట్లాడుతున్న మనిషి స్పృహలో ఉండి మింగగలిగితే పంచదార నీళ్లు ఇవ్వవచ్చనీ, స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోను చేయాలనీ ఆమెకు ముందే ఎవరైనా చెప్పి ఉండాలి. మా ఇంట్లో ఈ నాలుగు మాటలూ ఫ్రిజ్ మీద అంటించాం. పక్కన ఒక రూళ్ల నోటుపుస్తకం పెట్టాం. ఆవిడ అందులో ఉదయం బీపీ, చక్కెర, ఎన్నిసార్లు మూత్రం, విరేచనం అయిందా లేదా, ఏ వైపు తిప్పారో గుండ్రటి పెద్ద అక్షరాలతో రాసేవారు. మూడో నెలలో మూత్రం తగ్గుతోందని డాక్టరుకు మొదట తెలిసింది ఆ పుస్తకం వల్లే.

మతిమరుపు జబ్బు ఉన్నవారి దగ్గర పని ఇంకో రకంగా కష్టం. అడిగిందే ఇరవైసార్లు అడుగుతారు. తన పెట్టెలో డబ్బు పోయిందంటారు. కొడతారు, తిడతారు, కులం పేరు తీసి అనేవాళ్లూ ఉన్నారు. జబ్బు మాట్లాడిస్తోందని తెలిసినా వినే మనిషికి బాధ తగ్గదు. ఇంటివాళ్లు ఆ మాటను విననట్టు ఊరుకోకుండా వచ్చి "క్షమించమ్మా" అనాలి. ఖర్చు లేని పని అది, చాలా ఇళ్లలో జరగదు.

ఇక గంటల లెక్క. ఈ రంగంలో మూడు మాటలు వినిపిస్తాయి: పగటి డ్యూటీ, రాత్రి డ్యూటీ, ఇరవైనాలుగు గంటల డ్యూటీ. మొదటి రెండూ పన్నెండేసి గంటలు. మూడోది పేరులోనే ఉంది. ఉదాహరణకు నెలకు 18,000 రూపాయలకు ఇరవైనాలుగు గంటల మనిషిని పెట్టుకున్నామనుకుందాం. ముప్పై రోజులకు 720 గంటలు, అంటే గంటకు 25 రూపాయలు. "రాత్రంతా నిద్రేగా, దానికి కూడా లెక్కా?" అంటారు. రెండు గంటలకోసారి అలారం పెట్టుకుని లేచే నిద్రను మనం నిద్ర అనుకుంటామా? పసిపిల్లను పెంచిన ప్రతి తల్లికీ దీనికి జవాబు తెలుసు. కాచుకుని ఉండటం కూడా పనే. నిద్రలో ఉన్నా చెవి మేలుకొని ఉండటమే ఆ మనిషి మనకు ఇస్తున్నది. మంచం పట్టిన రోగి ఉన్న ఇంట్లో ఒకే మనిషితో ఇరవైనాలుగు గంటలూ నడిపించడం తప్పని నేను గట్టిగా అంటాను. నిద్ర లేని చేతుల్లో గొట్టం, మందుల డబ్బా పెట్టడం రోగికీ మంచిది కాదు. ఇద్దరిని పెట్టుకునే స్తోమత లేకపోతే రాత్రి ఒక అలారం ఇంటివాళ్లు పంచుకోవాలి. మేము ఐదో రోజు గొడవ తర్వాత అదే చేశాం. మూడు గంటలది నాది.

వారానికి ఒక సెలవు అంటే "ఆరోజు ఎవరు చూస్తారు?" అన్న ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్నకు జవాబు వెతకాల్సింది ఇంటివాళ్లు, సెలవు అడిగిన మనిషి కాదు. బదులు మనిషిని ముందే మాట్లాడి పెట్టుకోవాలి. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతరకు చాటింపు వేశాక ఊళ్లోవాళ్లు ఊరు దాటరు. ఆ వారం తిరుపతి మనిషి ఇంట్లోనే ఉండాలనుకుంటుంది, పిల్లలకు వేషాలు కట్టాలనుకుంటుంది. సంవత్సరం ముందే తెలిసిన సెలవు అది. దాన్ని చివరి నిమిషంలో వచ్చిన ఇబ్బందిలా చూడటం న్యాయం కాదు.

తిండి, పడక గురించి కొంతే చెప్తాను. ఎవరి అంతరాత్మకు వారే సమాధానం చెప్పుకోవాల్సిన విషయాలివి. వేరే గ్లాసు, వేరే కంచం, గడపకు అవతల కూర్చుని తినడం ఇంకా ఉన్నాయి. నాన్న మూతి తుడిచిన చెయ్యి, ఆయన మలం ఎత్తిన చెయ్యి మన మంచినీళ్ల కుండను తాకితే మైల అనేవాళ్లు ఉన్నారు. పడుకోవడానికి తలుపు గడియ పెట్టుకునే చోటు, లేదా కనీసం ఒక తెర, తన సామాను పెట్టుకునే తాళం ఉన్న అర, ఇవి ఉండాలని ముందే మాట్లాడుకోవాలి.

ఏజెన్సీ ద్వారా వచ్చినప్పుడు మధ్యలో మరో ముడి పడుతుంది. కుటుంబం ఇచ్చేది ఒకటి, మనిషికి చేరేది ఒకటి. ఎంత చేరుతోందో రెండువైపులా తెలియకపోవడమే ఏజెన్సీ బలం. నేను అడిగినప్పుడు ఒక ఏజెన్సీవారు ఫోను పెట్టేశారు. నిజానికి అడగాల్సిన ప్రశ్న ఇంకోటి ఉంది: ఈ మనిషి మీ ఉద్యోగా? అవునంటే, పదిమంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థకు ఈఎస్ఐ వైద్య బీమా, ఇరవైమంది, అంతకు మించి ఉంటే పీఎఫ్ వర్తిస్తాయి. ఈఎస్ఐకి జీతం పరిమితి నెలకు 21,000 రూపాయలు. ఈ పనిలో ఉన్నవారిలో చాలామంది ఆ లోపే ఉంటారు. అందుకే "మేము మనుషులను కలుపుతాం, అంతే" అని తప్పుకునేవాళ్లు ఎక్కువ. కలపడానికే అయితే ఒకసారి ఫీజు తీసుకోవాలి, నెలనెలా జీతంలో కోత ఎందుకు?

ఇప్పుడు చట్టం. ఇక్కడే చదువుకున్నవాళ్లు కూడా తికమకపడతారు, ఎందుకంటే చట్టాలు ఇంట్లో పనిచేసే మనిషిని ఒకచోట కార్మికురాలు అంటాయి, ఇంకోచోట కాదంటాయి. 2025 నవంబరు 21న నాలుగు లేబర్ కోడ్‌లు, అంటే పాత కార్మిక చట్టాలను కలిపి రాసిన చట్టాలు, అమల్లోకి వచ్చాయి. వాటిలో సామాజిక భద్రత కోడ్ ఇంటి పనివారిని అసంఘటిత కార్మికుల్లో పేరు పెట్టి చేర్చింది. పారిశ్రామిక సంబంధాల కోడ్ మాత్రం "పరిశ్రమ" నిర్వచనం నుంచి ఇంటి సేవను తీసేసింది. అంటే అన్యాయంగా తీసేశారని కార్మిక ట్రిబ్యునల్‌కు వెళ్లే దారి లేదు. వృత్తి భద్రత కోడ్ ప్రధానంగా పదిమంది, అంతకు మించి పనిచేసే చోట్లకు. ఇల్లు అక్కడా బయటే. కనీస వేతనాల పాత చట్టం షెడ్యూలులో, అంటే ఆ చట్టం వర్తించే పనుల జాబితాలో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కాలంలోనే ఇంటి పనిని చేర్చారు. కానీ ఫ్యాక్టరీకి వచ్చే తనిఖీ అధికారి ఇంటి గడప తొక్కడు. ఎన్ని గంటలకు ఎంత జీతం అన్న లెక్క ఎక్కడా నమోదు కానప్పుడు వేతనం తక్కువైందని రుజువు చేయడం ఎలా?

పక్కనే ఉన్న తమిళనాడులో 2007 నుంచీ ఇంటి పనివారికి ప్రత్యేక సంక్షేమ బోర్డు ఉంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011 జూన్‌లో ఇంటి పనివారి కోసం 189వ ఒడంబడికను ఆమోదించింది. భారత్ అనుకూలంగా ఓటు వేసింది, ఇప్పటికీ దాన్ని ధ్రువీకరించలేదు. 2025 జనవరి 29న సుప్రీంకోర్టు ఒక తీర్పులో, ఇంటి పనివారికి ప్రత్యేక చట్టం అవసరమా అని పరిశీలించడానికి నాలుగు మంత్రిత్వ శాఖలు కలిసి కమిటీ వేయాలని, ఆరు నెలల్లో నివేదిక తేవాలని కేంద్రానికి చెప్పింది.

ఇక్కడివాళ్లకు బాగా తెలిసిన ఒక పోలిక చెప్తాను. రాయచోటి, రాజంపేట, రైల్వేకోడూరు వైపు నుంచి వేలమంది స్త్రీలు కువైట్ ఇళ్లలో పనికి వెళ్లారు. ఇంటి పనిమనిషి అనే అర్థంలో వాడే ఖద్దామా అన్న అరబ్బీ మాట ఈ ప్రాంతపు పల్లెల్లో తెలుగు మాటలా స్థిరపడింది. వాళ్ల కష్టాలు మనందరికీ తెలుసు, పాస్‌పోర్టు లాక్కున్న కథలు ప్రతి ఊళ్లో ఉన్నాయి. అయినా కువైట్‌లో 2015లో వచ్చిన 68వ నంబరు చట్టం కాగితం మీద ఇలా చెప్తుంది: రోజుకు పన్నెండు గంటలకు మించి పని చేయించకూడదు, మధ్యలో విశ్రాంతి ఇవ్వాలి, వారానికి ఒక సెలవు, ఏడాదికి ముప్పై రోజుల జీతంతో సెలవు, పని ముగిశాక చేసిన ప్రతి ఏడాదికి ఒక నెల జీతం. ఆ దేశంలో అది ఎంతవరకు అమలవుతుందో వేరే సంగతి. అక్కడ ఉన్నపాటి కాగితం తిరుపతిలో లేదు. కువైట్‌లో ఎనిమిదేళ్లు చేసి వచ్చి ఇక్కడ ముసలివారిని చూసుకుంటున్న ఒకావిడ ఈ తేడాను నాకు వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పారు.

చట్టం పూర్తిగా లేదనుకోవడం కూడా పొరపాటే. పని చోట లైంగిక వేధింపులపై 2013లో వచ్చిన చట్టం ఇంటిని కూడా పని చోటుగా గుర్తించింది. ఫిర్యాదును మూడు నెలల్లోపు జిల్లాలోని స్థానిక కమిటీకి ఇవ్వవచ్చు. ఇంటి పని చేసేవారి విషయంలో ప్రాథమిక ఆధారం కనిపిస్తే కమిటీ ఏడు రోజుల్లో పోలీసులకు పంపాలి. అసంఘటిత కార్మికుల జాబితా అయిన ఈ-శ్రమ్‌లో నమోదు 16 నుంచి 59 ఏళ్లవారికి, ఆధార్, దానికి కలిపిన ఫోను నంబరు కావాలి. నెల ఆదాయం 15,000 లోపు ఉండి, 18 నుంచి 40 ఏళ్ల మధ్య చేరితే శ్రమయోగి మాన్‌ధన్ పథకంలో నెలకు 55 నుంచి 200 రూపాయలు కట్టి, అరవై తర్వాత నెలకు 3,000 పింఛను పొందవచ్చు. కట్టినంత ప్రభుత్వమూ వేస్తుంది. స్త్రీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం హక్కు, 15100 నంబరుకు ఫోను చేయాలి.

ఈ పనిలో అందరికన్నా పెద్ద భయం దొంగతనం నింద. పని మనిషి దొంగతనం చేస్తే మామూలు దొంగతనం కన్నా శిక్ష ఎక్కువ, భారతీయ న్యాయ సంహిత 306వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు. కాబట్టి ఒక గాజు కనబడకపోగానే ముందు సంచి వెతికే ఇంట్లో ఆ మనిషి జీవితం నిజంగా ప్రమాదంలో ఉంటుంది. రెండు వైపులా రక్షణ ఒకటే. నగలు, పెద్ద డబ్బు ఆమెకు అందుబాటులో ఉంచకూడదు. సరుకులకు ఇచ్చిన డబ్బును అదే నోటుపుస్తకం చివరి పేజీల్లో రాసుకోవాలి. ఆధార్ నకలు తీసుకోవచ్చు, అసలు కార్డు దగ్గర పెట్టుకోకూడదు.

మూడో రకం, ఖాళీ ఇంటి కాపలా. దీని ముడి వేరు. యజమానుల భయం: పదేళ్లు ఉంచితే ఇల్లు నాదంటాడేమో. 2012లో సుప్రీంకోర్టు దీన్ని స్పష్టంగా తేల్చింది. కేర్‌టేకర్, కాపలాదారు, పనివాడు ఎంతకాలం ఉన్నా ఆ ఆస్తిలో హక్కు పొందలేరు, అడిగినప్పుడు అప్పగించాలి. పన్నెండేళ్ల స్వాధీనంతో హక్కు వస్తుందన్న వాదన, యజమాని అనుమతితో ఉంటున్నవారికి వర్తించదు. అయినా కరెంటు బిల్లు, ఇంటి పన్ను యజమాని పేరునే ఉంచుకుని, "కాపలా కోసం అనుమతితో ఉంటున్నాను" అన్న కాగితం రాసుకుంటే కోర్టుల చుట్టూ తిరగాల్సిన పని తప్పుతుంది.

ఆ తీర్పు చెప్పని రెండో సగం ఒకటుంది. వెనక గదిలో కాపురం ఉన్న ఆ కుటుంబానికి ఇల్లు అమ్ముడుపోయిన రోజే తెలుస్తుంది, నెలాఖరుకు ఖాళీ చేయాలని. పిల్లల బడి మధ్యలో ఆగుతుంది. పెట్టుకున్నది భర్తను, వాకిలి ఊడ్చేదీ, బావి దగ్గర ఆకులు ఎత్తేదీ, పండక్కి వచ్చిన యజమానులకు వండేదీ భార్య. ఆమెకు జీతం లేదు. "గది ఉచితంగా ఇచ్చాం కదా" అంటారు. గది లేకుండా రాత్రి కాపలా ఎలా సాధ్యం? ఆ గది పని కోసం ఇచ్చింది. దాన్ని జీతంలో భాగంగా లెక్కగట్టడం సరికాదు.

ఇంత ముడిని కాస్త వదులు చేయడానికి ఒకే ఒక్క కాగితం చాలు. తెలుగులో, ఇద్దరూ చదవగలిగేలా. పని మూడింటిలో ఏది, ఏది కాదు. ఏ గంట నుంచి ఏ గంట దాకా, మధ్యలో విశ్రాంతి ఎప్పుడు, రాత్రి ఎన్నిసార్లు లేవాలి. జీతం ఎంత, ఏ తేదీన, బ్యాంకులోనా చేతికా. అడ్వాన్సు ఇస్తే నెలకు ఎంత కోత. సెలవులు ఏవి. తప్పుకోవాలంటే ఎవరు ఎన్ని రోజులు ముందు చెప్పాలి. రోగి ఆస్పత్రిలో చేరితే ఆ రోజులకు జీతం ఉందా. ఈ చివరి ప్రశ్నను ఎవరూ ముందు అడగరు, గొడవ మాత్రం తరచూ దాని మీదే.

ఇంకొక ప్రశ్న ఉంది, నోటితో అనడానికి మనసొప్పదు. రోగి చనిపోయిన రోజే ఈ ఉద్యోగం ముగిసిపోతుంది. మూడేళ్లు రాత్రీ పగలూ చూసుకున్న మనిషి పోయి, అదే గంటలో జీతమూ పోతుంది. ఇంటినిండా చుట్టాలు, ఆవిడ ఎక్కడ కూర్చోవాలో ఎవరికీ తెలియదు. నాన్న పోయిన రోజు ఆయనను చూసుకున్న ఆవిడ దుప్పట్లన్నీ ఉతికి మిద్దెమీద ఆరేసి, మందుల డబ్బా సర్ది, వంటింటి గోడకు ఆనుకుని కూర్చున్నారు. ఒక నెల జీతం అదనంగా ఇవ్వాలని ముందే రాసుకుని ఉండాల్సింది. రాసుకోలేదు, పదమూడో రోజు ఇచ్చాం. దాన్ని ఆవిడ మా దయ అనుకున్నారు. అది నాకు ఇప్పటికీ బాధ.

వెళ్లే ముందు ఆవిడ అడిగింది ఒక్కటే, "ఇక్కడ పని చేశానని రాసివ్వండమ్మా" అని. ఒక పేజీ రాశాను. మూడేళ్లు, గొట్టంతో ఆహారం ఇవ్వడం తెలుసు, తిప్పడం తెలుసు, మా నాన్నకు ఒక్క పడక పుండు కూడా పడలేదు. ఆవిడ దాన్ని మడిచి ఆధార్ కార్డు ఉన్న ప్లాస్టిక్ కవరులో పెట్టుకున్నారు. నెల తర్వాత చిత్తూరు నుంచి ఎవరో ఫోను చేశారు, ఆ కాగితం నేను రాసిందేనా అని. అవునన్నాను. వాళ్ల అమ్మగారికి తుంటి ఎముక విరిగిందట. ఆవిడ ఏమేం చేయగలరో చెప్పాను, ఏమేం చేయించకూడదో చెప్పాను. తర్వాత నేనే అడిగాను, రాత్రికి వేరే మనిషి ఉన్నారా అని.